కాప్టెన్ల యుద్ధమును, కల్పితవీరుడును
(బాల్కను దేశముల చరిత్ర – ధారావాహిక వ్యాసము)

1878వ సంవత్సరమున ఐరోపా మహారాజ్యముల మంత్రులు బెర్లిన్ నగరమున సమావేశమై, సాన్ స్టెఫానో సంధివలన కొలది మాసముల క్రిందటనే ఏర్పడిన విశాల బల్గేరియాను మూడు ఖండములుగా చీల్చి, ఉత్తరఖండమును సుల్తానునకు లోబడిన సంస్థానముగను, బాల్కను పర్వతములకు దక్షిణముననున్న ఖండమును తూర్పు రుమేలియా యను పేర స్వపరిపాలనగల తురుష్కరాష్ట్రముగను నిర్ణయించి, మాసిడోనియాను మరల తురుష్కుల చేతికే అప్పగించిన వృత్తాంతము గత ప్రకరణమున వివరింపబడినది. ఒకే భాష మాటాడుచు, ఒకే గుడిలో మ్రొక్కుకొనుచు, కొండకు ఈవల నొక కుటుంబమును ఆవల దాని దాయాదులును నివసించు జనులు ఇట్టి తీర్పును శిరసావహింతురని ఆ మంత్రులలో ఎవరైనను నిజముగా నమ్మియుందురా యని నాకు సందేహము. ఏడేండ్లు గడచినంతనే ఆ తీర్పు భగ్నమైనది. దానిని భగ్నముచేసిన ప్రజలమీద పొరుగు క్రైస్తవరాజే కత్తి దూసెను. అట్లు పుట్టిన యుద్ధము పదునాలుగు దినములు మాత్రమే నడిచినది. ఐరోపా చరిత్రగ్రంథములు దానిని రెండు మూడు వాక్యములలో దాటిపోవును. ఆ యుద్ధము పేరు దూరదేశములందు నేటికిని వినబడుచున్నదన్న, అది సేనానులవలన గాని రాయబారులవలన గాని జరిగిన పని కాదు. లండన్ నగరమున నొక హాస్యనాటకము వ్రాసిన బెర్నార్డ్ షా వలన జరిగినది. కావున ఈ ప్రకరణమున యుద్ధమును నాటకమును రెంటిని పక్కపక్కన నిలిపి చూడదలచినాను.

తూర్పు రుమేలియాకు రాజధాని ప్లోవ్‌డివ్. అచ్చట జహారి స్టోయనోవ్ నాయకత్వమున నొక రహస్యసంఘము ఏర్పడి, 1885 సెప్టెంబరు 18వ తేదీని, వారి పాత పంచాంగము ప్రకారము 6వ తేదీని, సూర్యోదయవేళకు మేజర్ నికొలాయెవ్ సేనలను, గ్రామములనుండి వచ్చిన తిరుగుబాటుదారులను కూర్చి గవర్నరు భవనమును ముట్టడించినది. గవర్నరు గావ్రిల్ క్రస్తెవిచ్ వృద్ధుడు, పండితుడు, న్యాయశాస్త్రవేత్త. సుల్తాను నియమించిన ఉద్యోగియే యైనను తానును బల్గేరియనుడనేయని చెప్పి, ప్రతిఘటింపక లొంగిపోయెను. అంతట ఆయనను గుర్రపుబండిలో కూర్చుండబెట్టిరి. ఆయన పక్కన, ఒరనుండి దీసిన కత్తి చేతబట్టుకొని, గోల్యమో కొనారె గ్రామపు ఉపాధ్యాయిని నెదెల్యా షిలెవా అను యువతి కూర్చుండెను. ఆ గ్రామపు దండును నడిపించుకొని వచ్చిన చార్దఫోన్ అను నాయకునకు ఆమె వధువుగా నిశ్చయింపబడియుండెను. తెల్లవారిన వీధులలో, గడ్డము నెరసిన గవర్నరును, కత్తిపట్టిన పంతులమ్మను మోసికొని ఆ బండి ఊరేగుచుండగా ప్లోవ్‌డివ్ ప్రజలు జయజయధ్వానములు చేసిరి. ఇంచుమించుగా రక్తపాతమే లేకుండ రెండు బల్గేరియాలు ఒకటియైనవి. గోల్యమో కొనారె అను ఆ పల్లెకు తరువాతికాలమున ‘ఐక్యము’ అను అర్థముగల పేరే పెట్టబడినది.

బండియందలి ఆ దృశ్యము నాటకీయముగా కనబడును. కనబడవలెననియే దానిని కూర్చిరి. ప్రజల మనస్సులో అప్పటికి తొమ్మిదేండ్లనుండి నిలిచియున్న మరియొక కన్య మూర్తిని అది స్ఫురింపజేసెను. 1876 ఏప్రిల్ తిరుగుబాటులో పానగ్యూరిష్టె పట్టణపు ఉపాధ్యాయిని రైనా పొప్‌గియోర్గియెవా సింహము చిత్రించిన పతాకమును తన చేతులతో కుట్టి, దానిని తానే పట్టుకొని గుర్రముపై ఊరేగినది. అప్పటికామె వయస్సు ఇరువదియేండ్లు. తిరుగుబాటు అణగిపోయినపిమ్మట తురుష్కులు ఆమెను చెరబట్టి క్రూరముగా హింసించిరి. విడుదలయైన తరువాత ఆమె రష్యాకు పోయి మంత్రసానివిద్య నభ్యసించి, స్వదేశమునకు మరలి, ఆ వృత్తితోనే జీవించినది. ‘రైనా రాణి’ యని ప్రజలు పిలుచుకొనిన ఆ స్త్రీ కుట్టుసూదితోను, తరువాత ప్రసూతిగృహములలోను గడిపిన జీవితమునందు బింకమనునది లేదు. షా తన నాయికకు పెట్టిన పేరును రైనాయే. పాఠకులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలయును, నాటకములోని రైనాను చూచునప్పుడు నిజమైన రైనా మన కన్నులయెదుట నుండుట మేలు.

ఐక్యమును అంగీకరించి దానికి నాయకత్వము వహించినవాడు బల్గేరియా రాకుమారుడు అలెగ్జాండర్ బాటెన్‌బర్గ్. 1879లో ఇరువదిరెండవయేట సింహాసనమునకు ఎన్నుకొనబడిన ఈ జర్మను యువకునకు రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు మేనత్త భర్త. ఆ ప్రాపువలననే ఆయనకు ఆ పదవి దొరకినది. అయితే 1881లో ఆ చక్రవర్తి హత్య గావింపబడి, మేనత్త కుమారుడు మూడవ అలెగ్జాండరు సింహాసన మెక్కినపిమ్మట ప్రాపు పగగా మారెను. తన యనుమతి లేకుండ ఐక్యము జరిగినదని జారు కోపించి, బల్గేరియా సైన్యమును తీర్చిదిద్దుచుండిన రష్యను అధికారుల నందరను, యుద్ధమంత్రితోసహా, వెంటనే వెనుకకు పిలిపించుకొనెను. ఆనాటివరకు ఉన్నతపదవులన్నియు రష్యనులవే. దేశీయులలో కాప్టెనును మించిన పదవియందున్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ముప్పదియేండ్లు నిండని యువకులు హఠాత్తుగా పటాలములకు, దళములకు అధిపతులైరి. అందువలననే బల్గేరియనులు ఆ సంగ్రామమును నేటికిని ‘కాప్టెన్ల యుద్ధ’మని పిలుతురు.

సెర్బియా రాజు మిలాన్ ఒబ్రెనోవిచ్ ఇదే తగిన సమయమని తలచెను. బల్గేరియా పెరిగినచో తనకును భూభాగము పరిహారముగా రావలెనని ఆయన వాదము. బల్గేరియా సేనలన్నియు తురుష్కులు దండెత్తివత్తురను శంకతో ఆగ్నేయసరిహద్దున కాచియుండుటయు, పశ్చిమముననున్న సోఫియా నగరమునకు రక్షణ లేకపోవుటయు ఎరిగి, 1885 నవంబరు 14వ తేదీని యుద్ధము ప్రకటించి, తానే సర్వసేనాధిపత్యము వహించి బయలుదేరెను. పూర్వము తురుష్కులతో పోరి ఆరితేరిన సేనానులను ఆయన విశ్వసింపక దూరముగా నుంచెను. తాము తురుష్కులమీదికి పోవుచున్నామనియే సెర్బియా సైనికులకు చెప్పిరని, సరిహద్దు దాటి ఎదుటివారి కేకలు తమ భాషవంటి భాషలోనే వినబడినప్పుడు గాని వారికి సత్యము తెలియలేదని ఒక కథనము ఆనాటినుండియు ప్రచారములో నున్నది. అందెంత నిజమున్నను, ఆ యుద్ధమునందు సెర్బియా రైతుకు ద్వేషించుటకు శత్రువే కనబడలేదనుట మాత్రము నిశ్చయము.

బల్గేరియా సైనికుని దుస్థితి వేరు. తురుష్కసరిహద్దునుండి సోఫియాకు రైలు లేదు. కాన్‌స్టాంటినోపిలునుండి వచ్చు ఇనుపదారి మారిత్సా లోయలో బెలొవొ ప్రాంతమున ఆగిపోవుచుండెను. అది సోఫియాతో కలిసినది 1888లో. అక్కడ బండ్లు దిగిన పటాలములు నవంబరు చలిలో, బురదలో, కొండకనుమల మీదుగా, రాత్రియనక పగలనక నడచినవి. నిద్రలేక తూలుచు నడచినవారిలో కొందరు అశ్వికదళమువారి వెనుక ఒక్కొక్క గుర్రముపై ఇద్దరేసి కూర్చుండి యుద్ధభూమికి చేరిరని చెప్పుదురు. చేరినవారు చేరినట్లే కందకములలోనికి పోయిరి. ఏ గీతమును ఈ నడకను ప్రత్యేకముగా పొగడినట్లు నేనెరుగను గాని, ఈ యుద్ధములో గెలుపు సగము ఆ దారిలోనే సిద్ధించినదని నా నమ్మకము. వీరత్వమన్నంతనే మెరయు కత్తిని తలచుట మనకు అలవాటు. అరిగిన బూటును, పొక్కులెక్కిన పాదమును తలచువారు అరుదు.

సోఫియాకు వాయవ్యమున సుమారు 30 కిలోమీటర్ల దూరములో, డ్రాగమాన్ కనుమ నుండి వచ్చు బాటపై స్లివ్నిత్సా గ్రామమున్నది. నవంబరు 17, 18, 19 తేదీలలో అచ్చట మూడు దినములు పోరు జరిగెను. మొదటి దినమునకు వచ్చి చేరిన బల్గేరియా సేన కొద్దిపాటిదే. అయినను కుడివైపున కాప్టెన్ బెండెరెవ్, దాడికై ఎదురుచూడక తానే ఎదురుదాడి సల్పి శత్రువును నివ్వెరపరచెను. రెండవదినమున సెర్బియనులు ఎడమవైపును త్రోసికొనివచ్చిరి. వెనుకనుండి ఒక్కొక్క పటాలమే వచ్చి చేరుచుండగా ఆ పార్శ్వము నిలిచినది. మూడవదినమున ‘మూడు చెవులు’ అని పిలువబడు కొండకొమ్ములపైకి బల్గేరియా పదాతులు సనీలు ఎత్తి ఎగబ్రాకి, శత్రువును అవతలికి త్రోసివేసిరి. ఈ విజయము పదాతివలనను, క్రుప్ ఫిరంగుల గురివలనను, అన్నిటికి మించి సెర్బియా నాయకత్వముయొక్క చంచలబుద్ధివలనను కలిగినది. గుర్రపుదండు ఫిరంగిబారుపై పడి యుద్ధగతిని మార్చిన ఘట్టము ఇందు లేదు.

ఇక్కడ ఒక విశేషము చెప్పవలసియున్నది. మొదటి రెండుదినములును రాకుమారుడు యుద్ధభూమియందే యుండి సైనికులకు ధైర్యము చెప్పెను; ఆయన పిరికివాడని శత్రువులును అనలేదు. అయితే మూడవదినమున మరియొక సెర్బియా దళము దక్షిణపు దారిని సోఫియా మీదికి వచ్చుచున్నదని వార్త పుట్టగా, రాజధానిని కాపాడుట తన విధియని ఆయన గుర్రమెక్కి నగరమునకు పోయెను. ఆయన అక్కడనుండగనే స్లివ్నిత్సాలో జయము సిద్ధించెను. ‘స్లివ్నిత్సా వీరు’డని చిత్రపటముల క్రింద పేరు వ్రాయించుకొనిన పురుషుడు నిర్ణాయకమైన ఆ ఘడియలో సోఫియాలో నుండినాడు! దీనిని నేను దోషముగా చెప్పుట లేదు. ఆయన చేసినది రాజోచితమైన పనియే. కాని కీర్తి కట్టబడు తీరును చూడుడు: రణరంగమున ఉన్నవారి పేర్లు రిజిస్టరులలో మిగిలినవి, లేనివాని ముఖము పటములకెక్కినది.

తక్కిన కథ వేగముగా ముగియును. వెనుదిరిగిన శత్రువును డ్రాగమాన్ మీదుగా, త్సారిబ్రోద్ మీదుగా తరుముకొనిపోయి, బల్గేరియనులు 27వ తేదీని పీరోత్ పట్టణమును పట్టుకొనిరి. మరునాడు ఆస్ట్రియా రాయబారి కౌంటు కెవెన్‌హ్యూలర్ రాకుమారుని శిబిరమునకు వచ్చి, ఇక నొక్క అడుగు ముందుకు వేసినచో ఎదుట ఆస్ట్రియా సేనలు నిలుచునని బెదరించెను. యుద్ధము ఆగినది. 1886 మార్చి 3వ తేదీని బుకారెస్టున వ్రాసుకొనిన సంధిపత్రములో నుండినది ఒకేయొక షరతు: ఉభయరాజ్యముల మధ్య శాంతి మరల నెలకొన్నదని. ఎవరి భూమియు ఎవరికిని పోలేదు. ఐక్యము మాత్రము నిలిచినది.

ఇక నాటకపు కథకు వత్తము. 1893–94 శీతకాలమున షా ఒక హాస్యనాటకము వ్రాయుచుండెను. మొదటి ప్రతిలో దేశము పేరు లేదు, పాత్రలకు పేర్లు లేవు. తండ్రి, కూతురు, అపరిచితుడు, వీరప్రియుడు అను సంజ్ఞలే యుండెను. కథకు తగిన యుద్ధమేదియని ఆయన తన మిత్రుడు, ఫేబియన్ సంఘసభ్యుడునగు సిడ్నీ వెబ్బును అడుగగా, వెబ్బు క్షణమాలోచించి సెర్బియా–బల్గేరియా యుద్ధమును చూపెను. పిమ్మట షా గ్రంథములు తిరుగవేసెను. ప్రవాసియైన రష్యను విప్లవకారుడు స్టెప్న్యాకు ద్వారా, డాన్యూబు నదిపై బల్గేరియా నావలకు అధిపతిగా నుండిన యొక రష్యను నౌకాధికారిని కలిసికొని, ఆ దేశపు ఇండ్లు, వేషములు, మర్యాదలు అడిగి తెలిసికొనెను. ‘ఆల్ప్స్ అండ్ బాల్కన్స్’ అను తొలిపేరును మార్చి, ‘ఆర్మ్స్ అండ్ ద మాన్’ అను పేర ఆ నాటకమును 1894 ఏప్రిల్ 21వ తేదీని లండనులోని అవెన్యూ థియేటరులో ప్రదర్శించిరి.

కథ ఇది. డ్రాగమాన్ కనుమ దాపున నొక చిన్న పట్టణములో పెట్కాఫ్ అను మేజరుగారి యింట, ఆయన కూతురు రైనా రాత్రివేళ తన గదిలో నుండగా, ఆమెకు వరుడుగా నిశ్చయింపబడిన సర్జియస్ స్లివ్నిత్సాలో రష్యను సేనానుల ఆజ్ఞను ధిక్కరించి, గుర్రపుదండుతో సెర్బియా ఫిరంగులపై బడి విజయము సాధించినాడని తల్లి పరుగున వచ్చి చెప్పును. రైనా అతని పటమును రెండు చేతులతో పట్టుకొని, దేవతామూర్తినివలె ఎత్తి చూచును. ఆ రాత్రియే, తరుమబడిన సెర్బియా అధికారి యొకడు మేడవసారానుండి లోనికి దూరును. అతడు బ్లంట్‌ష్లీ అను స్విట్జర్లాండు దేశీయుడు, జీతమునకు పోరాడు వృత్తిసైనికుడు. మూడుదినములుగా గుండ్లవాన నడుమ నిలిచి అలసినవాడు, బెదరించుటకు పిస్తోలు చూపును గాని అందులో గుండు లేదు. గుండ్లసంచిలో చాకొలెట్లు నింపుకొనుట అతని వాడుక, అవియును అయిపోయినవి. రైనా తన పెట్టెలో మిగిలిన చాకొలెట్లు ఇచ్చినంతనే అతడు చిన్నపిల్లవానివలె ఆబగా తినును. అతని నోటనే ఆమె ఆ ‘మహాదాడి’ నిజస్వరూపము వినును: ముందు వచ్చినవాడు జనులు అనుకొనినంత శూరుడు గాదు, అతని గుర్రమే ఆగలేదు, ఎదుటి తుపాకులకు తప్పు గుండ్లు పంపబడియుండుటచేత అవి పేలలేదు, పేలియుండినచో ఆ దండులో ఒక్కడును మిగులడు. రైనా తన ఇష్టదైవముయొక్క పటమును చూపగా ఆ మనుష్యుడే యని అతడు గుర్తించి, సిగ్గుపడి, క్షమాపణ వేడును. తరువాత ఆమె మంచముమీదనే మొద్దునిద్ర పోవును.

తల్లికూతుళ్లు అతనిని మేజరుగారి పాతకోటు తొడిగి రహస్యముగా సాగనంపుదురు. రైనా ఆ కోటుజేబులో తన ఫోటో ఉంచును. తరువాతి అంకములు 1886 మార్చి 6వ తేదీని, సంధి జరిగిన మూడవనాడు, జరుగును. ఇంటికి వచ్చిన తండ్రియు సర్జియసును, శత్రువులలో నొకడు ఇద్దరు బల్గేరియా స్త్రీల గదిలో దాగి బ్రదికిన కథను తాము విన్నట్లు, ఆ స్త్రీలు ఎవరో తెలియక, ఆ స్త్రీలయెదుటనే చెప్పుకొని నవ్వుదురు. కోటును తిరిగి ఇచ్చుటకు బ్లంట్‌ష్లీ రానే వచ్చును. అచ్చటనుండి అబద్ధమునకు అబద్ధము తోడై, కోటు ఒక గదినుండి మరియొక గదికి మారుచు, అందరి గుట్టును బయటపెట్టును. తన కాబోవు భార్యయెదుట ఉన్నతప్రేమ పలుకుచుండిన సర్జియసు, ఆమె లోనికి పోయినంతనే పనిపిల్ల లూకా చేయి పట్టుకొనును. రైనా తన దివ్యస్వరము తెచ్చిపెట్టుకొన్నదేయని బ్లంట్‌ష్లీ యెదుట ఒప్పుకొనును. చివరకు సర్జియసు లూకాను, రైనా బ్లంట్‌ష్లీని వరింతురు.

చరిత్రతో పోల్చిచూచిన ఇందలి పొరపాట్లు స్పష్టములే. యుద్ధము మొదలగుటకుమునుపే రష్యను అధికారులు వెడలిపోయిరి గదా, సర్జియసు ధిక్కరించుటకు వారచ్చట లేరు. రైనా ఇల్లు వెదకుటకు వచ్చిన అధికారిని సైతము షా రష్యనునిగానే చేసెను. ఇది చిన్న సంగతి గాదు. ఆ యుద్ధమునకు గల గౌరవమంతయు, పెద్దలు విడిచిపోయినపిమ్మట పిన్నలు నిలిచి గెలుచుటయందున్నది. షా దానిని గమనింపక, అపహాస్యమునకై ఆ పెద్దలను మరల తెచ్చి రంగముపై నిలిపినాడు. ఈ ఒక్క విషయమున ఆయన బల్గేరియనులకు అన్యాయము చేసెనని నేను గట్టిగా తలచుచున్నాను. చేతులు కడుగుకొనుటయే గొప్పయని చెప్పుకొను కుటుంబముగా తమవారిని చూపినందుకు బల్గేరియనులు ఆ నాటకముపై కోపించుటలో ఆశ్చర్యము లేదు. పానగ్యూరిష్టె రైనా చెరసాలలో పడిన పాట్లు ఎరిగినవారికి ఆ పేరుగల కన్య చాకొలెట్ల పెట్టెతో రంగముపై కనబడుట ఎట్లు రుచించును?

అయినను వీరారాధన విషయమై షా చెప్పినది సత్యము. ఆ సత్యము మనకు క్రొత్తదియును గాదు. విరాటపర్వమున ఉత్తరకుమారుడు అంతఃపురస్త్రీల నడుమ పలికిన ప్రగల్భములు తెలుగువారి నాలుకలమీద సామెతగా నిలిచినవి. కాని ఆ కథలో మనము తరచుగా మరచు భాగమొకటి కలదు. కౌరవసేనను చూచి రథమునుండి దుమికి పారిపోయిన ఆ బాలుని పట్టి తెచ్చి, బృహన్నలావేషముననున్న అర్జునుడు గోవులను మరల్చి, నగరమునకు పోయి గెలిచినది తానేయని చెప్పుకొమ్మని అతనికే బోధించును. ఈలోపల విరాటుడు కుమారుని విజయవార్త విని పట్టణమలంకరింపజేసి, బృహన్నల తోడుండగా జయమునకేమి కొదువయని కంకుడు పలికినందుకు పాచిక విసరి అతని ముఖమును గాయపరచును. బొంకిన వీరుని తయారుచేసినది ఆ వీరుడు కాదు, ఇంటనుండి నమ్మదలచినవారు. ఉత్తరుడు మాత్రము తండ్రియెదుట, గెలిచినది తాను కాదు, ఒక దేవపుత్రుడని చెప్పినాడు. ఆ పలుకుతో అతడు పెద్దవాడైనాడు. షా సర్జియసునందును ఇట్టి యంశ మున్నది. సైన్యములో తన దాడిని తప్పుగా నెంచి పదోన్నతి నిరాకరించినందుకు అతడు ఉద్యోగమునకు రాజీనామా పంపును. తాను లోన ఎందరు మనుష్యులో, అందెవడు నిజమైనవాడో తెలియక బాధపడును. ఆ బాధను చూడనివారు అతనిని వట్టి డాంబికునిగా ఆడుదురు.

1944 సెప్టెంబరులో లండనులోని న్యూ థియేటరున ఓల్డ్ విక్ నాటకసమాజమువారు ఈ నాటకమును ఆడినప్పుడు లారెన్స్ ఒలివియరు సర్జియసుగాను, రాల్ఫ్ రిచర్డ్‌సన్ బ్లంట్‌ష్లీగాను నటించిరి. అంతకుముందు పరీక్షగా మాంచెస్టరులో ఆడిన దినములలో ఒలివియరు ఆ పాత్రను ఏవగించుకొని, ఇట్టి మూర్ఖుని ఎట్లు ఆడవలెనని విసిగికొనగా, ఆ సమాజపు నిర్వాహకుడు టైరోన్ గుత్రీ, సర్జియసును ప్రేమింపలేనిచో నీవతనిని బాగుగా ఆడలేవని చెప్పెనట. ఆ మాట తన జీవితములో నొక మలుపని ఒలివియరు చెప్పుకొనెను. అప్పుడు లండనుపై జర్మనుల ఎగురుబాంబులు పడుచుండెను. నాటకము ఆరంభమైన వారములోనే వీ–2 రాకెట్లును పడజొచ్చెను. నిజమైన యుద్ధము నెత్తిమీద నుండగా, యుద్ధపు బింకమును చూచి ఆ ప్రేక్షకులు నవ్విరి.

మొదటి ప్రదర్శననాడు సైతము ప్రేక్షకులు విరగబడి నవ్విరి. తెర పడినపిమ్మట షా ముందుకు వచ్చినప్పుడు పైమెట్టునుండి ఒక్కడు మాత్రము నిరసనగా అరచెను. నేనును నీతో ఏకీభవింతును గాని, ఇంతమంది యెదుట మనమిద్దరమేమి చేయగలమని షా అతనికి బదులు చెప్పుట ప్రసిద్ధము. సైనికుడు భయపడుట, ఏడ్చుట, ఆకలికి తిండి మోసికొనిపోవుట వింతలని విమర్శకులు వ్రాయగా, షా ఆ యేడు జూలైలో నొక పత్రికావ్యాసమున బదులిచ్చెను. అందు ఆయన సాక్షులుగా పిలిచినవారు కవులు కారు, యోధులు: నెపోలియను సేనలో తిరిగిన మార్బో తన స్మృతులలో వ్రాసినదియు, అమెరికా అంతర్యుద్ధమున గ్రాంటు పక్కన నుండిన హోరేస్ పోర్టరు ధైర్యమునుగూర్చి వ్రాసినదియు చూపి, తుపాకిగుండ్ల నడుమ దినములకొలది నిలిచిన శూరునకు నరములు వదలుట సహజమని నిరూపించెను. దీనిని చదివినప్పుడు నాకు మరల ఆ బెలొవొ దారి జ్ఞప్తికి వచ్చును. స్లివ్నిత్సా కందకములో, తూలుచు వచ్చి పడిన ఆ బల్గేరియా పదాతియు, అతని యెదుట నుండిన సెర్బియా రైతును బ్లంట్‌ష్లీకి చుట్టములు. సర్జియసునకు కారు. కావున షా యుద్ధపు వివరములందు పొరబడినను, సైనికుని వివరమందు పొరబడలేదు. 1908లో ఆస్కార్ స్ట్రాస్ ఈ కథనే వియన్నాలో సంగీతనాటకముగా మార్చి, ‘చాకొలెట్ సోల్జర్’ అను పేర ఆంగ్లదేశమున, అమెరికాలో విశేషముగా ఆడింపగా, షా దానిని మెచ్చుకొనలేదు. పాటల నడుమ సైనికుని అలసట కానరాకుండ పోవుటయే దానికి కారణమై యుండునని నా యూహ.

రంగస్థలమున ప్రేమకథ సుఖముగా ముగిసినది గాని, నిజమైన స్లివ్నిత్సా నాయకుని ప్రేమకథ అట్లు ముగియలేదు. రాకుమారుడు అలెగ్జాండరు ప్రష్యా రాకుమార్తె విక్టోరియాను ప్రేమించెను. ఆమె తల్లియు, అమ్మమ్మయగు ఇంగ్లండు విక్టోరియారాణియు ఆ సంబంధమును కోరిరి. రష్యా జారునకు కోపము వచ్చునని బిస్మార్కు పట్టుబట్టి దానిని చెరచెను. 1888లో అది శాశ్వతముగా విరిగినది. అప్పటికి ఆయన రాజును గాడు. మరుసటియేట జొహన్నా లోయ్‌సింగర్ అను సంగీతనాటకగాయనిని వివాహమాడి, రాజవంశపు పేరు వదలి కౌంటు హార్టెనౌ అను పేరు ధరించి, ఆస్ట్రియా సేనలో నొక యధికారిగా గ్రాట్స్ పట్టణమున కాలము గడపెను. 1893 నవంబరు 17వ తేదీని, స్లివ్నిత్సా మొదటిదినమునకు సరిగా ఎనిమిదేండ్లకు, ముప్పదియారవయేట మరణించెను. షా నాటకము రంగమెక్కుటకు అప్పటికి అయిదుమాసములు. బల్గేరియనులు ఆయన దేహమును సోఫియాకు తెప్పించుకొని సమాధి కట్టిరి.

ఆయన సింహాసనము పోయిన తీరు వేరు కథ. 1886 ఆగస్టు 21వ తేదీ తెల్లవారుజామున కుట్రదారులైన సైనికాధికారులు సోఫియా ప్రాసాదములో ప్రవేశించి, రాకుమారునిచేత బలాత్కారముగా రాజ్యత్యాగపత్రము వ్రాయించి, నావమీద డాన్యూబు వెంట రష్యా గడ్డకు చేర్చిరి. ఆ కుట్ర నాయకులలో నొకడు, స్లివ్నిత్సాలో కుడిపార్శ్వమును నడిపి మొదటిదినమున రాజధానిని కాపాడిన కాప్టెన్ బెండెరెవ్. అతడెందుకట్లు చేసెనో, స్టెఫాన్ స్తంబొలొవ్ పది దినములలో ఆ కుట్రను ఎట్లు త్రిప్పికొట్టెనో, తిరిగివచ్చిన రాకుమారుడు తానుగా సింహాసనము నేల వదలుకొనెనో వచ్చే ప్రకరణమున విచారింతము.